బావ తెచ్చే ఫోనా, సెప్టెంబరులో వచ్చే ఫోనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీతం చేతికి 34 వేలు వస్తుంది. అద్దె 8 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకు 6 వేలు పోతాయి. నెలకు 5 వేల చొప్పున లక్ష రూపాయల చిట్టీ కడుతున్నాను, 20 నెలల్లో 7 నెలలు అయ్యాయి. బ్యాంకులో 40 వేలున్నాయి. నా ఫోను కొని అయిదేళ్లయింది, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. ఐఫోన్ కొనుక్కోవాలని ఎప్పటి నుంచో కోరిక. డాలస్‌లో ఉండే మా బావ డిసెంబరులో వస్తూ కొత్త మోడల్ తెస్తానంటున్నాడు. అక్కడ ఏదో ఫ్రీ ఆఫర్ ఉందట, నేను 40 వేలిస్తే చాలట. తమ్ముడేమో, సెప్టెంబరులో మడతపెట్టే ఐఫోన్ వస్తోంది, పాతవన్నీ సగం ధరకు ఇస్తారు, ఆగమంటున్నాడు. ఇక్కడి షాపులో నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. చిట్టీ ఎత్తుకుని కొనేయనా సార్? బావ తెచ్చే ఫోను మన సిమ్‌లకు పని చేస్తుందా? మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ తప్ప మిగతా సిగ్నల్ అంతంత మాత్రమే. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బ్యాంకులో ఉన్నది 40 వేలు, బావగారు అడిగింది 40 వేలు. మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది ఇదే. ఆ డబ్బు మీ రెండు నెలల ఖర్చు కూడా కాదు. రేపు ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది వస్తే అద్దె, ఇంటికి పంపేది, చిట్టీ వాయిదా మూడూ దాని మీదే ఆధారపడతాయి. అందుకని ఏ ఫోను కొన్నా సరే, ఆ 40 వేల జోలికి వెళ్లకండి. ఇది పక్కన పెట్టుకుని మిగతావి మాట్లాడుకుందాం.

బావగారి ఆఫర్‌తో మొదలుపెడతాను. అమెరికాలో ఫోన్ కంపెనీలు ‘ఫ్రీ’ అనేదానికి అర్థం వేరు. ఫోను ధర మొత్తాన్ని 24 నెలలకో 36 నెలలకో వాయిదాలు చేసి, నెలనెలా బిల్లులో అంత మొత్తం తగ్గిస్తూ పోతారు. ఆయన మధ్యలో ఆ కనెక్షన్ మానేస్తే మిగిలిన బాకీ మీద పడుతుంది. చాలా ఆఫర్లలో పాత ఫోను కూడా వాళ్లకు ఇచ్చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, బాకీ తీరేదాకా ఆ ఫోనును తమ నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉంచడం అక్కడ మామూలు. అలాంటి ఫోను శంషాబాద్‌లో దిగి మీ చేతికొస్తే, వైఫై మీద వీడియోలు చూసుకోవడానికి పనికొస్తుంది తప్ప మన సిమ్ ఏదీ పట్టదు. ‘ఇక్కడ ఎవరైనా అన్‌లాక్ చేస్తారులే’ అని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఆ తాళం తీయాల్సింది వేసిన కంపెనీయే. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అన్న వరుస ఉంటుంది. అక్కడ ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటేనే తాళం లేనట్టు. బావగారు తేవాలనుకుంటే ముందు ఆ స్క్రీన్ ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి.

సరే, తాళం లేని ఫోను పూర్తి డబ్బు పెట్టి తెచ్చారనుకుందాం. ఎంత మిగులుతుంది? ఐఫోన్ 17 అక్కడ 799 డాలర్లు. అమెరికాలో ధర మీద అమ్మకం పన్ను వేరే వేస్తారు, డాలస్‌లో అది 8.25 శాతం. కలిపితే సుమారు 865 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 77,800 పైచిలుకు. అదే ఫోను ఇక్కడికి 82,900కి వచ్చింది. తేడా 5 వేలు. పండగ సేల్‌లో బ్యాంకు కార్డు తగ్గింపు ఒక్కటి తగిలితే ఆ 5 వేలూ ఉండవు. ‘అమెరికాలో సగం ధరకే’ అన్న మాట ఎప్పుడో పదేళ్ల కిందటిది, మన ఇళ్లలో ఇంకా చెలామణీ అవుతోంది. పైగా వారంటీ సేవను కొన్న దేశానికే పరిమితం చేసే హక్కు తమకుందని యాపిల్ తన షరతుల్లోనే రాసుకుంటుంది. విమానాశ్రయంలో సుంకం సంగతి బావగారు వేరే చూసుకోవాలి.

ఇంకో తేడా ఉంది, ఇది డబ్బుకు సంబంధించింది కూడా. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్, అంటే సిమ్ ముక్క లేకుండా నంబరును ఫోనులోకే ఎక్కించే పద్ధతి. ఇక్కడ అమ్మే ఐఫోన్ 17కి మాత్రం మామూలు సిమ్ పెట్టుకోవచ్చు, ఈ-సిమ్ కూడా వేసుకోవచ్చు. ఈ-సిమ్ చెడ్డదని కాదు, జియో, ఎయిర్‌టెల్ ఎప్పటి నుంచో ఇస్తున్నాయి, బీఎస్ఎన్ఎల్ 2025లో మొదలుపెట్టింది. కానీ ఒక మంగళవారం రాత్రి మీ ఫోను కింద పడి స్క్రీన్ నల్లబడిందనుకోండి. మామూలు సిమ్ అయితే పిన్నుతో తీసి ఇంట్లో ఉన్న పాత ఫోనులో వేస్తారు, పది నిమిషాల్లో బ్యాంకు ఓటీపీ వస్తుంది. ఈ-సిమ్ అయితే కంపెనీ నుంచి మళ్లీ తెప్పించుకోవాలి, దాన్ని తీసుకునే మరో ఫోను కావాలి. అప్పటిదాకా యూపీఐ లేదు, ఓటీపీ లేదు. ఆ రోజే చిట్టీ వాయిదా రోజు అయితే? ఒకటే నంబరు మీద బ్యాంకు, గ్యాస్, పీఎఫ్ అన్నీ నడిపే మనలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అన్నట్టు, ‘మీ సిమ్‌ను ఈ-సిమ్‌గా మారుస్తాం, కోడ్ చెప్పండి’ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మీ నంబరును వాళ్ల ఫోనులోకి లాక్కుని ఖాతా ఖాళీ చేసే పద్ధతి అది.

ఇక మన టవర్లకు ఆ ఫోను పని చేస్తుందా అన్నది. ఫోను డబ్బా మీద 5జీ అని ఉంటే చాలనుకుంటాం. నిజానికి ప్రతి కంపెనీ తనకు వేలంలో దక్కిన తరంగాల మీద నడుస్తుంది, వాటినే బ్యాండ్లంటారు. ఫోనుకు ఆ బ్యాండ్ తెలియకపోతే టవర్ కిందే నిలబడినా లాభం లేదు. మన దగ్గర 5జీకి ముఖ్యమైనది ఎన్78. జియో దాంతో పాటు 700 మెగాహెర్ట్జ్‌లో ఎన్28 కూడా వాడుతుంది, గోడలు దాటి ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా అదే. 4జీలో బ్యాండ్ 40 మన దేశంలో బాగా వాడకంలో ఉంది. అమెరికా కంపెనీలు ఆ బ్యాండ్ మీద నడపవు, కాబట్టి అక్కడి కోసమే చేసిన కొన్ని చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ఉండదు. ఈ మధ్య ఐఫోన్లలో ఇవన్నీ ఉన్నాయి, ఆ భయం అక్కర్లేదు. బావగారు ‘ఐఫోన్ దొరకలేదు, వేరేది తెచ్చా’ అంటే మాత్రం మోడల్ నంబరు అడిగి, ఆ కంపెనీ సైట్‌లో బ్యాండ్ల పట్టిక చూశాకే సరేననండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2016లో జియో వచ్చిన కొత్తలో నేనూ బంధువుల చేత విదేశం నుంచి ఒక ఫోను తెప్పించుకున్నాను. 4జీ అని డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది. సిమ్ వేస్తే ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వచ్చింది, కాల్ మాత్రం పోదు. జియోకు 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదే పోవాలి. ఆ వోల్టే సౌకర్యం నా ఫోనులో లేదు. కాల్ చేయాలంటే ప్రతిసారీ ఒక యాప్ తెరవాలి. క్లయింట్లకు పెట్టుబడుల పాఠాలు చెప్పే మనిషిని, ఏడాది పాటు ‘హలో, వినిపిస్తోందా’ అంటూ మేడ మీద తిరిగాను.

మీ ఊరి సంగతికొస్తే, బీఎస్ఎన్ఎల్ తన 4జీని దేశమంతటా ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తోంది. అంటే మీరు ఊరెళ్లినప్పుడు వాడేది 4జీయే. 5జీ కోసం అదనంగా పెట్టిన డబ్బు ఊళ్లో ఉన్న ఆ రెండు రోజులూ దండగే. ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా కొత్త ఫోను ఉంటే మీ సిమ్ అందులో వేసి, ఇంట్లో, వాకిట్లో, బావి దగ్గర ఒక్కో కాల్ చేసి చూడండి. సిగ్నల్ అప్పుడూ రాకపోతే తప్పు మీ ఫోనుది కాదు, 80 వేలు పోసినా మారదు.

తమ్ముడి వాదన నాకు నచ్చింది, ఎందుకంటే సగం నిజం. యాపిల్ సాధారణంగా సెప్టెంబరులోనే కొత్తవి తెస్తుంది, అప్పుడు పాతదాని ధర తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుంది అన్నదే అసలు ప్రశ్న. ఐఫోన్ 14, 15, 16 మూడూ ఇక్కడికి 79,900కే వచ్చాయి, మూడూ మరుసటి ఏడాది 69,900 అయ్యాయి. పది వేలు, అంతే. సగం కాదు. 2025లో ఫ్లిప్‌కార్ట్ సేల్‌లో ఐఫోన్ 16ను 51,999కి అమ్మారు, కానీ అది సేల్ ధర, స్టాకు ఉన్నంతసేపే.

మడత ఫోను వస్తుందో రాదో నేను జోస్యం చెప్పను. వచ్చినా దాని ధర మీ జీతంతో పొసగేది కాదు, కాబట్టి మీకు దానితో నిమిత్తం లేదు. వదంతులను నమ్ముకుని డబ్బు కట్టేసుకున్న వాళ్లను చాలామందిని చూశాను. 2021లో జియోఫోన్ నెక్స్ట్ ప్రకటించారు గుర్తుందా? వినాయక చవితికి అన్నారు, దీపావళికి వచ్చింది. పేదవాడి స్మార్ట్‌ఫోను, ధర చాలా తక్కువ అని ఊరంతా ఆశపడ్డారు. తీరా చూస్తే 6,499. చేతిలో లేనివాళ్లు 1,999 కట్టి మిగతాది వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. అదే ఏడాది ఐఫోన్ 13 నేరుగా ఉపగ్రహంతో మాట్లాడుతుందని పెద్ద ప్రచారం. అది అందులో రాలేదు. మరుసటి ఏడాది 14లో వచ్చింది, అదీ ఆపదలో సందేశం పంపడానికి, మొదట అమెరికా, కెనడాల్లోనే.

వదంతి నిజమై ఫోను చేతికొచ్చినా నెట్‌వర్క్ సిద్ధంగా ఉండాలిగా. 2020లో ఐఫోన్ 12ను 5జీ ఫోను అని కొన్నవాళ్లున్నారు. మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబరు 1న. అప్పటికీ వాళ్ల ఫోన్లలో రాలేదు, డిసెంబరులో యాపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాక వచ్చింది. రెండేళ్లు అక్కరకు రాని 5జీకి ముందే డబ్బు కట్టేశారు. ‘రాబోయే వాటికీ పనికొస్తుంది’ అని అమ్మేవాళ్లు చెప్పినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

చిట్టీ ఎత్తుకోవద్దు. లెక్క చూడండి. ఇప్పుడు పాటలో 22 వేలు వదులుకుని ఎత్తుకున్నారనుకుంటే చేతికి 78 వేలు. చివరిదాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 95 వేలు. నెలనెలా వచ్చే డివిడెండ్ ఎలాగూ రెండు చోట్లా ఒకటే. అంటే ఇప్పుడు ఎత్తుకోవడానికి 17 వేలు ఖర్చు. ఫోను ధర 82,900 కాదు, లక్ష అవుతుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే 17 వేలు పోయినా ఎత్తుకోండి అని నేనే చెబుతాను. ఫోను కోసం వద్దు.

షాపులో నో కాస్ట్ ఈఎంఐ అంటే 24 నెలలకు నెలకు 3,454. మీ జీతంలో పదో వంతు, రెండేళ్ల పాటు. సంతకం పెట్టే ముందు ఒకే ప్రశ్న అడగండి: ‘నగదుగా ఇస్తే ఎంతకిస్తారు?’ నాలుగైదు వేలు తగ్గిస్తామంటే, ఈఎంఐలో మీకు తగ్గించని ఆ మొత్తమే వడ్డీ. ఆపైన ప్రాసెసింగ్ ఫీజు, మీరు అడగకుండానే బిల్లులో చేరే స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ ఉంటాయి. వద్దంటే తీసేస్తారు, అడిగి తీయించుకోవాలి.

మరి ఏం చేయాలి? ముందు బ్యాటరీ మార్చండి. మీరు రాసిన ఇబ్బంది మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోవడం ఒక్కటే. మంచి సర్వీస్ సెంటర్లో రెండు మూడు వేలతో అది తీరుతుంది. తర్వాత జీతం పడ్డ రోజే నెలకు 3 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పది నెలల్లో 30 వేలు. మీ జీతానికి నేను ఫోను మీద పెట్టమనే గరిష్ఠం అదే, ఒక నెల జీతం దాటకుండా. ఆ ధరలో మన బ్యాండ్లన్నీ ఉండి, రెండు మామూలు సిమ్‌లు పట్టి, ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లు దొరుకుతాయి. ఐఫోనే కావాలంటే చిట్టీ ముగిసేదాకా ఆగండి. ఆ 95 వేలలో సగం ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, మిగతాదాంట్లో అప్పటికి ఒక తరం పాతదైన మోడల్‌ను పండగ సేల్‌లో చూసుకోవచ్చు. కోరిక తప్పని నేననను, నాకూ కెమెరాల పిచ్చి ఉంది.

బావగారికి మాత్రం వెంటనే ఫోన్ చేయండి, ఆఫర్ తీసుకోక ముందే. ఆయన ఇప్పుడు వాడుతున్న ఐఫోన్‌ను ఆ ఆఫర్ కింద కంపెనీకి ఇచ్చేస్తారేమో అడగండి. అది తాళం లేనిదై, బ్యాటరీ బాగుంటే, కంపెనీ దానికి కట్టే విలువకే మీరు తీసుకోవడం మీ ఇద్దరికీ లాభం కావచ్చు. ఏ మోడలో, బ్యాటరీ హెల్త్ ఎంత శాతమో, కంపెనీ ఎంత ఇస్తానంటోందో కనుక్కుని రాయండి. లెక్క మళ్లీ వేసి చెబుతాను.