నాక్సోస్ దీవిలో ఏ బీచ్ దగ్గర బస చేయాలి?

ప్రశ్న: దసరా సెలవుల్లో గ్రీసులోని నాక్సోస్ దీవిలో నాలుగు రోజులు గడపాలనుకుంటున్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, ఆరేళ్ల బాబు కూడా వస్తున్నారు. అక్కడి బీచ్‌లలో ఏది మాకు అనుకూలమో, దేనిని వదిలేయవచ్చో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తుమ్మలపెంటలోనో మైపాడులోనో నీళ్లలోకి దిగే ముందు మనం అలల ఉద్ధృతిని చూసుకుంటాము, నాక్సోస్‌లో మొదట చూసుకోవలసింది గాలిని. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే పొడిగాలి రోజుల తరబడి బలంగా వీస్తుంది. దసరా నాటికి దాని జోరు తగ్గుతుంది, వేసవంతా ఎండకు కాగిన సముద్రం మే నెలలో కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి, మీరు ఎంచుకున్న సమయం మంచిదే.

బస మాత్రం ముఖ్యపట్టణమైన హోరాను ఆనుకుని ఉన్న అగియోస్ జియోర్గియోస్ బీచ్ దగ్గర తీసుకోండి. ఇసుక నేల, ఒడ్డున చాలా దూరం వరకు తక్కువ లోతు, నడిచి వెళ్లేంత దగ్గరలో భోజనశాలలు, దుకాణాలు ఉండటం వల్ల బాబుకూ అత్తగారికీ ఇంతకంటే వీలైన చోటు ఆ దీవిలో లేదని నా అభిప్రాయం. అందమైన తీరం కోరుకునేవారు దీనిని తక్కువ చేసి మాట్లాడతారు గాని, రోజూ కారెక్కి దిగే శ్రమ తప్పడం మీకు ముఖ్యం. తూర్పు తీరంవాళ్లమైన మనకు సముద్రంలో సూర్యోదయమే తెలుసు; ఇక్కడ సాయంత్రాలు ఓడరేవు పక్కనే, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలై అసంపూర్తిగా మిగిలిన ఆలయపు పాలరాతి ద్వారం పోర్తారా దగ్గర నిలబడి సూర్యాస్తమయం చూడవచ్చు.

ఒక పూట సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని అగియోస్ ప్రోకోపియోస్‌కు, దాని పక్కనే ఉన్న ఆగియా అన్నాకు బస్సులో వెళ్లి రండి. వేసవి దాటాక బస్సులు తగ్గుతాయి కనుక తిరుగు బస్సు వేళను ముందే కనుక్కోండి. ఆ తరువాత వచ్చే ప్లాకా కొన్ని కిలోమీటర్ల పొడవున సాగే చక్కటి ఇసుక తీరమే అయినా, దానిలో కొన్ని భాగాల్లో బట్టలు లేకుండా స్నానం చేసే అలవాటు ఉన్నదని అత్తగారిని తీసుకువెళ్లే ముందే తెలిసి ఉండటం మంచిది.

వదిలేయవలసి వస్తే మిక్రి విగ్లాను వదిలేయండి. అక్కడ సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండకు ఉత్తరాన ఉన్న తీరం గాలిపటం కట్టిన పలకపై అలల మీద సాగే క్రీడాకారులది. దక్షిణం వైపు నీరు కొంత నెమ్మదిగా ఉన్నా, అంత దూరం వెళ్లి చూడవలసినంత తేడా మీకు కనిపించదు.