కాల్‌బ్యాక్ రాసేముందు, అమ్మడూ

అమ్మడూ,

ఆ సీ భాష లైబ్రరీని మీ సీ షార్ప్ ప్రోగ్రాముకు నువ్వే కలుపుతానని ముందుకొచ్చావట, మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. వెంటనే గుండె గుబేలుమంది కూడా.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. పాయింటర్‌ను, అంటే మెమరీ అడ్రసును, ఇంట్ రకం వేరియబుల్‌లో దాచకు. 64 బిట్ల ప్రాసెస్‌లో అది 8 బైట్లు, ఇంట్ 4 బైట్లే, పాయింటర్ పట్టే ఇంట్‌పీటీఆర్ రకం వాడు. లైబ్రరీ ఇచ్చిన మెమరీని లైబ్రరీ చేతే విడిపించు. హ్యాండిళ్లను, అంటే ఫైలు లాంటి వనరులకు సిస్టమ్ ఇచ్చే గుర్తులను, భద్రంగా విడిపించడానికి సేఫ్‌హ్యాండిల్ క్లాస్ ఉంది, 2005లో డాట్‌నెట్ 2.0తోనే వచ్చింది. బఫర్‌ను అవతలివాళ్లు కాల్ అయ్యాక కూడా అట్టిపెట్టుకుంటే కదలకుండా పిన్ చెయ్యి, లేకపోతే గార్బేజ్ కలెక్టర్, అంటే ఎవరూ వాడని మెమరీని ఊడ్చే డాట్‌నెట్ రన్‌టైమ్ భాగం, దాన్ని జరిపేస్తుంది.

నా భయమంతా కాల్‌బ్యాక్ గురించే, అంటే లైబ్రరీ తర్వాత తిరిగి పిలవడానికి మనం దానికిచ్చే మెథడ్ గురించే.

ఒకప్పుడు ఓ పరికరం నుంచి కొలతలు తెచ్చే లైబ్రరీకి నా మెథడ్‌ను అప్పజెప్పాను. రిజిస్టర్ అని పిలిచి, బ్రాకెట్లలో మెథడ్ పేరు రాశాను, అంతే. కంపైలర్ అక్కడికక్కడే డెలిగేట్, అంటే ఆ మెథడ్‌ను సూచించే ఆబ్జెక్ట్, చేసి ఇచ్చింది. దాన్ని నేను ఏ వేరియబుల్‌లోనూ పెట్టుకోలేదు.

నా మెషీన్‌లో రోజంతా నడిచింది. వాడేవాళ్ల దగ్గర మాత్రం ఓసారి పది నిమిషాలకు, ఓసారి రెండు గంటలకు, చెప్పాపెట్టకుండా పడిపోయేది. ఒక లాగ్ లైను చేరిస్తే పడిపోయే సమయం మారేది. వారం నిద్రలేదు. తప్పు లైబ్రరీదేనని తేల్చేసి, దాన్ని రాసిన పెద్దాయనకు ఘాటుగా మెయిల్ పెట్టాను. ఆయన ఒక్కమాట కూడా అనలేదు. "ఆ డెలిగేట్‌ను మీ వైపు ఎవరు పట్టుకుని ఉన్నారమ్మా?" అని మాత్రం అడిగారు.

ఎవరూ లేరు. రిజిస్టర్ కాల్ ముగిసేదాకానే రన్‌టైమ్ దాన్ని కాపాడింది. ఆ తర్వాత లైబ్రరీ దగ్గర మిగిలింది ఒక అడ్రసు. సీ వైపు దాచుకున్న అడ్రసు గార్బేజ్ కలెక్టర్ కంటికి ఆనదు, అందుకే నా డెలిగేట్ దిక్కులేనిదనుకుని ఊడ్చేసింది. లైబ్రరీ ఆ అడ్రసును మళ్లీ పిలిచినప్పుడు ప్రోగ్రాము పడిపోయేది. నా పరీక్షల్లో డేటా కొంచెమే, కలెక్టర్‌కు పనే పడేది కాదు. వాడేవాళ్ల దగ్గర డేటా పోటెత్తేది.

డెలిగేట్‌ను ఫీల్డ్‌లో, అంటే క్లాస్‌లోని వేరియబుల్‌లో, పెట్టడంతో సరిపోయింది. ఒక్క లైను! ఆ పెద్దాయనకు క్షమాపణ రాయడానికి మాత్రం రెండు రోజులు చెయ్యి ఆడలేదు.

నువ్వు కూడా ఫీల్డ్‌లో పెట్టు. ఆ ఫీల్డ్ ఉన్న ఆబ్జెక్ట్ కూడా బతికే ఉండాలి, చూసుకో. అన్‌రిజిస్టర్ చేశాకే వదులు. రిలీజ్ బిల్డ్‌లో, రిజిస్టర్ చేసిన వెంటనే కావాలని గార్బేజ్ కలెక్టర్‌ను నడిపే జీసీ కలెక్ట్ పిలిచి పరీక్షించు. డీబగ్ బిల్డ్‌లో నడిచిందని నాకు ఫోన్ చేశావో, చీవాట్లు తింటావు.

నిజంగా పడిపోయిందనుకో, ఎవరికీ కోపంగా మెయిల్ రాయకు తల్లీ. ఆ రిజిస్టర్ లైను ఉన్న ఫైలు నాకు పంపు. ఏ రాత్రయినా లేచి చూస్తాను.

నీ అత్త