ఎండకు పగిలిన వేప పలకలకు పురుగుమందు ఎందుకు?

ప్రశ్న: గాలివానకు పడిన వేపచెట్టును తలుపుల కోసం సామిల్లులో అంగుళంన్నర మందాన కోయించాను. నాలుగు నెలలుగా ఎండలో ఆరబెట్టాను. పలకల చివర్లు పగిలాయి, కొన్ని మెలి తిరిగాయి. ఇప్పుడు తెల్లటి పొడి రాలుతోంది. చెదలన్నారు, పంట మందుల షాపులో క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు పూయమన్నారు. ఎంత కలపాలి?
– ఒక రైతు, గుత్తి మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ఏమీ కలపొద్దు. అవి చెదలు కావు. చెదలైతే మట్టి గూళ్లు కనిపిస్తాయి. గుండుసూది తలంత రంధ్రాలుండి, కింద మెత్తటి పిండి రాలితే అది కట్టెను తొలిచే పెంకుపురుగు. వేపకు పురుగు పట్టదన్న మాట చేవకే, అంటే దుంగ లోపలి ముదురు కట్టెకే చెల్లుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టెలో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకు అదే తిండి. పైపైన పూసిన మందు లోపలి పురుగును చేరదు. పైగా రోజూ పిల్లలు చేతులు వేసే తలుపుకు పంట విషం పూయమనడం ఏం సలహా? పంట మందులమ్మే షాపులో కలప సంగతి అడగొద్దు.

పొడి రాలే తెల్ల కట్టెను పూర్తిగా కోసి పొయ్యిలో పెట్టండి. పగుళ్లు ఉన్నంత మేర చివర్లు తీసేయండి. మెలి తిరిగినవి ఇక తలుపులకు పనికిరావు, పొట్టి ముక్కలుగా వాడుకోండి.

అసలు నష్టం ఎండ వల్లే జరిగింది. అనంతపురం వడగాలికి పలక పైభాగం, చివర్లు ముందే ఆరి ముడుచుకుంటాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. పగలక ఏం చేస్తుంది? ఈసారి కోయించిన రోజే రెండు చివర్లకూ చిక్కటి పెయింటు గానీ కరిగించిన మైనం గానీ దట్టంగా పూయండి. దుంగ నడిబొడ్డు పలకలో పడకుండా కోయమని మిల్లులో చెప్పండి.

తెల్ల కట్టె ఉన్న పచ్చి పలకలను 100 లీటర్ల వేడి నీటిలో 4 కిలోల బోరిక్ యాసిడ్, 6 కిలోల బోరాక్స్ కరిగించి రాత్రంతా నానబెట్టండి. తర్వాత దగ్గరదగ్గరగా పేర్చి, 4 వారాలు పాలిథిన్ షీటు కప్పి ఉంచితే మందు లోపలికి దిగుతుంది. ఇది పచ్చి కట్టెకే పనిచేస్తుంది. వానకు తడిసే చోట వాడే చెక్కలకు వద్దు, కడుక్కుపోతుంది.

ఆ తర్వాత రేకుల కింద, నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున దొంతి పెట్టండి. వరుస వరుసకూ మధ్య అంగుళం మందం ఎండు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు), అడుగున్నరకొకటి వేయాలి. పై రీపరు సరిగ్గా కింది రీపరు మీదే రావాలి. ఒక్కటి పక్కకు జరిగినా అక్కడ పలక వంగుతుంది. పైన బండరాళ్లు పెట్టండి. వడగాలి వీచే వైపు గోనెపట్టా కట్టండి.

ఎన్ని నెలలని లెక్క పెట్టుకోవద్దు. ఒక పలకకు గుర్తు పెట్టి వారానికోసారి తూకం వేయండి. వరుసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే వడ్రంగిని పిలవండి.