అసలేమీ ఆశించకుండా చూస్తే నచ్చిన సినిమా ఏది?

నాకైతే 2008లో వచ్చిన బీర్ ఫర్ మై హార్సెస్. అవునండీ, నా గుర్రాలకి బీరు అని, సినిమా పేరే అది.

నేను ఒక్లహోమాలో నార్మన్‌లో ఎంఎస్ చేసే రోజులు. ఐ-35 మీద ఒక్లహోమా సిటీ వెళ్తుంటే మధ్యలో మూర్ అనే ఊరొస్తుంది, అక్కడ నీళ్ల ట్యాంక్ మీద ఇది టోబీ కీత్ ఊరు అని పెద్దపెద్ద అక్షరాలతో రాసుండేది. ఎవరో ఎమ్మెల్యే టైపు అయ్యుంటాడులే అనుకున్నా, మనకలవాటు కదా. కంట్రీ సింగర్ అని, అంటే అమెరికా పల్లెటూరి బాణీ పాటలు పాడేవాడని తర్వాత తెలిసింది. 2013 మేలో టోర్నడో వచ్చి మూర్‌లో వీధులకి వీధులు లేచిపోయాయి, 24 మంది పోయారు, ఆ జులైలో మా యూనివర్సిటీ స్టేడియంలోనే ఈయన బాధితుల కోసం కచేరీ పెట్టించాడు, టికెట్ 25 డాలర్లు. అప్పట్నుంచి మనోడే అన్న ఫీలింగ్.

ఆ చలికాలం ఒకరోజు రోడ్లన్నీ ఐస్ కట్టేసి క్లాసులు క్యాన్సిల్ అయితే, పాత డీవీడీల డబ్బాలోంచి డాలర్‌కి ఏరి తెచ్చిన ఈ సినిమా వేశాం. నేను మధ్యలో నిద్రపోదామనే ప్లాన్‌తో దుప్పటి కూడా తెచ్చుకున్నా.

కథ మీరు ముందే ఊహించేయొచ్చు. ఒక్లహోమాలో మాంగమ్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు డిప్యూటీలు, అంటే షెరిఫ్ అనే పోలీసు పెద్ద కింద పనిచేసేవాళ్లు, అందులో హీరో మన టోబీ కీతే. హీరో గర్ల్‌ఫ్రెండ్‌ని డ్రగ్స్ ముఠా ఎత్తుకుపోతుంది, షెరిఫ్ వద్దన్నా వినకుండా వీళ్లు మెక్సికో బయల్దేరతారు. డైరెక్టర్ మైకేల్ సాలమన్ అంతకుముందు టోబీ కీత్ పాటలకి వీడియోలు తీసినాయనే, అది తెలిసిపోతుంటుంది, ప్రతి సీనూ నాలుగు నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోతుంది. బాత్రూం జోకులైతే దారుణం. హీరోయిన్‌కి కిడ్నాప్ అవ్వడం తప్ప పెద్ద పనేం లేదు (ఈ జబ్బు మనకీ ఉందిలెండి). టోబీ కీత్‌ది కోపానికీ ప్రేమకీ ఒకటే మొహం.

మరి ఎందుకు నచ్చిందంటే, టెడ్ న్యూజెంట్ అని రాక్ గిటారిస్ట్ ఉన్నాడు, బయట కూడా విల్లు పట్టుకుని వేటకెళ్లే మనిషి, నోరు ఆగదు కూడా. ఆయనకి ఇందులో స్కంక్ అని పేరు పెట్టి, చేతికి విల్లు బాణాలిచ్చి, నోరు మాత్రం దాదాపు కట్టేశారు. తుపాకుల మధ్య ఈయన తాపీగా బాణం ఎక్కుపెడుతుంటే మా రూమ్మేట్ సోఫా మీద లేచి నిలబడి ఈలేశాడు. ఇంకాసేపటికి దార్లో సర్కస్ వాళ్లతో విల్లీ నెల్సన్ అనే ఇంకో పెద్ద కంట్రీ సింగర్ ప్రత్యక్షం. అసలు ఈ సినిమా పేరుతో ఉన్న పాట టోబీ కీత్, విల్లీ కలిసి పాడిందే, 2003లో కంట్రీ చార్టుల్లో ఆరు వారాలు నంబర్ వన్, అప్పటికి విల్లీకి 70 ఏళ్లు.

ఊళ్లో సంక్రాంతికి మనవాళ్లే నాటకం వేస్తే ఎలా చూస్తాం? దుర్యోధనుడి మీసం ఊడిపోతుంటే కింద పోస్ట్‌మాస్టర్ గారు కనిపిస్తుంటారు, అయినా చప్పట్లు కొడతాం, ఇంకా గట్టిగా కొడతాం. నేనలా చూశా. ఆ ట్యాంకూ కచేరీ తెలియకపోతే పావుగంటలో ఆపేసేవాణ్ణేమో, అబద్ధమెందుకు. మీరు చూస్తానంటే ముందు ఆ పాట ఒక్కసారి వినండి.

2024 ఫిబ్రవరిలో టోబీ కీత్ కడుపు క్యాన్సర్‌తో పోయాడని తెలిసినప్పుడు రూమ్మేట్ డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు, ఒరే, ఆ డీవీడీ నీ దగ్గరుందా అని. లేదురా, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు మైక్రోవేవ్, రైస్ కుక్కర్‌తో పాటు జూనియర్లకి వదిలేశాం కదా అన్నా.