కెమ్నిట్స్‌ని "చచ్చిన ఊరు" అంటున్నారు, నిజమేనా?

మీ తమ్ముడికి జర్మనీలోని కెమ్నిట్స్‌లో మాస్టర్స్ సీటు వచ్చిందనీ, వాట్సాప్ గ్రూపుల్లో అందరూ "అది ముసలాళ్ళ ఊరు, చచ్చిన ఊరు, లైప్‌జిగ్‌కో బెర్లిన్‌కో ప్రయత్నించమను" అంటున్నారనీ, పంపాలా వద్దా అనీ అడిగారు. ఆ గ్రూపుల్లో సలహాలిచ్చేవాళ్ళలో సగం మంది ఆ ఊరిని రైలు కిటికీలోంచి కూడా చూసి ఉండరు. నేను అక్కడే చదువుకుని, అక్కడే మొదటి ఉద్యోగం చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

ముసలాళ్ళ ఊరన్న మాట నిజమే. జర్మనీలో సగటు వయసు ఎక్కువగా ఉన్న నగరాల్లో అదొకటి. సాయంత్రం ఏడు దాటితే ట్రాములో మనమూ, డ్రైవరూ, చేతిసంచీతో ఒక బామ్మా. కానీ ఆ ముసలాళ్ళెవరో, వాళ్ళ పిల్లలు ఎటు పోయారో కనుక్కోకుండా ఆ మాట అనేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కెమ్నిట్స్ ఉన్నది జర్మనీ తూర్పు వైపు శాక్సనీ రాష్ట్రంలో. అక్కడ ఒక పాత మాట ఉంది. కెమ్నిట్స్‌లో సంపాదిస్తారు, లైప్‌జిగ్‌లో బేరం చేస్తారు, డ్రెస్డెన్‌లో తగలేస్తారు అని. మనవాళ్ళు వీకెండ్ వస్తే ఫోటోలకి డ్రెస్డెన్ పరిగెడతారు. ఆ రాజభవనాలూ, బంగారు పూతలూ చూసి "అబ్బ, ఇదీ సిటీ అంటే" అంటారు. సంపాదించి పెట్టిన ఊరేమో మసిబారిన ఇటుక గోడలతో ఉంది కాబట్టి దాని మొహం ఎవరూ చూడరు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని మిల్లుల ఊరితో పోల్చి దీన్ని శాక్సనీ మాంచెస్టర్ అనేవారు. మొదట నూలు మిల్లులు వచ్చాయి, తర్వాత ఆ మిల్లులకి కావలసిన యంత్రాలు, ఆ తర్వాత యంత్రాలు చేసే యంత్రాలు. ఫ్రాన్స్‌లోని అల్సాస్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన రిఖార్డ్ హార్ట్‌మన్ అనే కమ్మరి 1837లో సొంత వర్క్‌షాపు పెట్టి, 1848లో మొదటి రైలింజను తయారుచేశాడు. తమాషా ఏమిటంటే అప్పటికి ఆ ఊరికి రైలే లేదు. పట్టాలు పడింది 1852లో. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ గేటు దాకా లైను లేక, తయారైన ఇంజన్లని గుర్రాలు కట్టి ఊరి వీధుల్లోంచి స్టేషన్‌కి లాగించేవారు. ఇప్పుడు కూడా ఆ ఊరికి సరైన రైలు లేదనుకోండి, ఆ గోడు తర్వాత చెబుతాను.

ఆడి కారు ముందు నాలుగు రింగులుంటాయి కదా. అవి 1932లో కలిసిన నాలుగు కంపెనీలు: ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ష్, వాండరర్. కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. అందులో వాండరర్ కెమ్నిట్స్‌లో పుట్టిందే. 1936 నుంచి మొత్తం కంపెనీ హెడ్డాఫీసూ అక్కడే. యుద్ధకాలంలో ఆ కంపెనీ నిర్బంధ శిబిరాల ఖైదీల చేత వెట్టి చేయించుకుందన్నది కూడా చరిత్రే, దాన్ని దాచి గొప్పలు చెప్పుకోలేం. 1945 మార్చి 5 నాటి బాంబు దాడిలో ఊరి నడిబొడ్డు బూడిదైంది. సోవియట్ సైన్యం వచ్చాక ఫ్యాక్టరీల్లో మిగిలిన యంత్రాలు విప్పుకుని తీసుకుపోయారు. కంపెనీ 1949లో పడమటి వైపు బవేరియాలో, ఇంగోల్‌స్టాట్‌లో మళ్ళీ మొదలైంది. ఇవాళ ఇంగోల్‌స్టాట్ పేరు కార్ల పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలుసు, కెమ్నిట్స్ పేరు పలకడమే రాదు.

ఇదంతా మ్యూజియంలో చదివితే వచ్చిన కోపం కాదు. ఒక మిక్సీ వల్ల వచ్చింది.

మేం ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, నేనూ, గుంటూరు కుర్రాడూ, వరంగల్ కుర్రాడూ. ఇంటి నుంచి తెచ్చుకున్న మన మిక్సీ. ఒక శనివారం రాత్రి దోసెల పిండి రుబ్బుతుంటే కాలిన వాసన వచ్చి, మోటారు తిరుగుతోంది గానీ జార్‌లో బ్లేడు కదలడం లేదు. మోటారు తిప్పుడుని జార్‌కి అందించే కప్లర్ అనే చిన్న చక్రం పళ్ళు అరిగిపోయాయి. హైదరాబాద్‌లో అయితే వీధి చివర షాపులో దొరికే వస్తువు. అక్కడ ఎవరికి చూపించినా అర్థం కాదు. మా గుంటూరు వాడు దాన్ని విప్పుదామని మామూలు స్క్రూలా ఎడమ వైపుకి తిప్పుతూ కూర్చున్నాడు, అదేమో ఇంకా బిగుసుకుంటోంది.

అంతలో తలుపు కొట్టారు. కింది అంతస్తు పెద్దాయన. రాత్రి పది దాటింది, మిక్సీ మోతకి తిట్టడానికే వచ్చాడనుకున్నాం, నిజానికి అందుకే వచ్చాడు కూడా. కానీ టేబుల్ మీద బోర్లా పడున్న మిక్సీని చూసి తిట్టడం ఆపేశాడు. కళ్ళద్దాలు పైకి జరుపుకుని దగ్గరికొచ్చి, కప్లర్ మీద బొటనవేలు పెట్టి పళ్ళు తడిమాడు. మోటారు ఏ వైపు తిరుగుతుందని అడిగాడు. చెప్పాం. అయితే మర (స్క్రూ చుట్లు) ఎడమది, లేకపోతే తిరిగినప్పుడల్లా ఊడిపోతుంది కదా అని, గుడ్డతో పట్టుకుని కుడి వైపుకి ఒక్క తిప్పు తిప్పాడు. చేతిలోకి వచ్చేసింది. మెకానికల్ బీటెక్ చేసిన వరంగల్ వాడి మొహం చూడాలి.

మర్నాడు మమ్మల్ని తన గ్యారేజీకి తీసుకెళ్ళాడు. గ్యారేజీ అంటే ఇంటి కిందది కాదు. తూర్పు జర్మనీ కాలంలో ఊరి అంచుల్లో జనం కలిసి తమ చేతులతో కట్టుకున్న గ్యారేజీల వరసలు ఆ ఊళ్ళో వేల సంఖ్యలో ఉన్నాయి. ఆయన దాంట్లో కారు లేదు. ఒక చిన్న లేత్ (ముక్కని తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం), గోడ నిండా సొరుగులు, సొరుగు మీద చక్కటి చేతిరాతతో లోపల ఏముందో రాసిన చీటీ. తెల్ల నైలాన్ కడ్డీ ముక్క ఒకటి తీశాడు. పాత కప్లర్ మధ్యలో మర ఉన్న ఇనుప బుష్‌ని వైస్‌లో ఒత్తి బయటికి తీసి పక్కన పెట్టాడు. వెర్నియర్‌తో ప్రతి కొలతా తీసి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. లేత్ మీద గుండ్రంగా తీశాక బుష్ అందులోకి దిగ్గొట్టి, పళ్ళు మాత్రం రంపంతోనూ ఆకురాయితోనూ చేత్తోనే కోశాడు. జార్ పెట్టి చూడటం, తీయడం, ఒక పన్ను మళ్ళీ అరగదీయడం. పేపర్ ముక్క మధ్యలో దూర్చి సందు ఎంతుందో చూడటం. మధ్యాహ్నమంతా అదే పని. మాకేమో ఆకలి, ఆయనకేమో ఒక పన్ను మిగతావాటికంటే వెంట్రుక వాసి లావుగా ఉందని టెన్షన్.

పని చేస్తూనే మాట్లాడాడు. ఆయన యాస నాకు సగమే అర్థమయ్యేది, మిగతాది మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. పదహారేళ్ళప్పుడు మెషీన్ టూల్స్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడట. ఊరి పేరు కార్ల్ మార్క్స్ స్టాట్‌గా ఉన్న రోజులు. 1953లో తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ పేరు పెట్టింది, మార్క్స్‌కీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. తాము చేసిన యంత్రాలు సోవియట్ యూనియన్‌కే కాదు, పడమటి దేశాలకీ వెళ్ళేవని చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం పెరిగింది. 1990లో, రెండు జర్మనీలూ కలవబోతున్న రోజుల్లో, ఓటింగ్ పెడితే నూటికి 76 మంది పాత పేరే కావాలన్నారు, జూన్ 1 నుంచి మళ్ళీ కెమ్నిట్స్. ఆయన కూడా పాత పేరుకే ఓటేశాడట. అదే ఏడాది జూలైలో పడమటి జర్మనీ మార్కు కరెన్సీ వచ్చింది. జీతాలు ఒకటికి ఒకటి లెక్కన మారాయి, దాంతో సరుకు ధర రాత్రికి రాత్రి పెరిగింది, తూర్పు దేశాల కొనుగోలుదారులకి ఆ డబ్బు కట్టే స్తోమత లేదు. ప్రభుత్వ కంపెనీలన్నిటినీ ట్రాయ్‌హాండ్ అనే సంస్థ చేతికిచ్చి అమ్మమన్నారు. అమ్మినవి కొన్ని, మూసేసినవి బోలెడు. అప్పటికి ఈయనకి యాభై దాటింది. ఆ వయసు వాడికి ఎవరిస్తారు పని? తర్వాత ప్రభుత్వ ఉపాధి పథకం కింద దొరికిన పని ఏమిటంటే, తను ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసిన షెడ్డుని విప్పడం. యంత్రాల పునాది బోల్టులు తనే కోశాడు. ఈ మాట చెబుతూ కూడా ఆకురాయి ఆపలేదు.

కొడుకు ఎక్కడుంటాడని అడిగాను. ఇంగోల్‌స్టాట్‌లో, కార్ల కంపెనీలో.

డబ్బులిస్తే తీసుకోలేదు. సాయంత్రం దోసెలకి పిలిచాం, చాకూ ఫోర్కూ పట్టుకుని తిన్నాడు, కారప్పొడి జోలికి మాత్రం రెండోసారి పోలేదు. వారం తర్వాత మళ్ళీ తలుపు కొట్టాడు. ఈసారి మోతకి కాదు, మిక్సీ ఖాళీగా తిప్పించి చెవి దగ్గర పెట్టుకుని వినడానికి. ఒక నిమిషం విని, బాగుంది అని తలూపి వెళ్ళిపోయాడు. ఆ కప్లర్ మా తర్వాత ఆ ఫ్లాట్‌లో చేరిన కుర్రాళ్ళకి కూడా పనిచేసింది.

అందుకే నా అభిప్రాయం: జర్మనీ అంటే ఇంజినీరింగ్ అని మనం చిన్నప్పటి నుంచి వింటామే, అది ఇంకా మనుషుల వేళ్ళలో మిగిలి ఉన్న ఊరు కెమ్నిట్స్. మ్యూనిక్‌లో అద్దాల ఆఫీసులున్నాయి, అంతే. ఎవరైనా కాదంటే కామెంట్లో గొడవకి నేను సిద్ధం.

జనాభా ఒకప్పుడు మూడు లక్షలు దాటింది, ఇప్పుడు దాదాపు రెండున్నర లక్షలు. వెళ్ళినవాళ్ళు పని ఉన్న చోటికి వెళ్ళారు, పని పోయి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినవాళ్ళు మిగిలారు. ఊరిది కాదు తప్పు. 2025లో కెమ్నిట్స్‌ని యూరప్ సాంస్కృతిక రాజధానిగా పెట్టినప్పుడు ఈ గ్యారేజీల మీదే ఒక పెద్ద ప్రాజెక్టు చేశారు. తలుపులు తెరిపించి, లోపలి మనుషుల కథలు విన్నారు. ఆ వార్త చూసి నాకు భలే సంతోషమేసింది.

చూడటానికి ఏమీ లేదనే వాళ్ళకి కూడా ఒక మాట. మార్క్స్ తల ఉంది, 1971లో పెట్టింది. ఒళ్ళు లేదు, తలే, ఏడు మీటర్ల పైన ఎత్తు, నలభై టన్నుల కంచు. ఊరి వాళ్ళు దాన్ని నిషెల్ అని పిలుచుకుంటారు. పేరు మార్చుకున్నారు గానీ తలని పీకలేదు. 302 మీటర్ల పవర్ హౌస్ పొగగొట్టానికి ఏడు రంగులు వేశారు, ఎక్కడ దారి తప్పినా దాన్ని చూసి ఇల్లు చేరొచ్చు. త్స్వికావర్ వీధిలో ఇండస్ట్రీ మ్యూజియం, పాత ఫౌండ్రీలో పెట్టింది, అందులో ఆవిరి యంత్రాన్ని ఇప్పటికీ నడిపి చూపిస్తారు. కాస్‌బెర్గ్ వీధుల్లో నూరేళ్ళ నాటి ఇళ్ళు వరసగా ఉంటాయి, బెర్లిన్‌లో అలాంటి ఇంట్లో ఒక గదికి కట్టే అద్దెకి ఇక్కడ ఇల్లే వస్తుంది.

ఇక మీరు అడగకపోయినా మీ అమ్మానాన్నలు అడిగే ప్రశ్న, భద్రత. దాచి లాభం లేదు. 2018 ఆగస్టులో ఒక హత్య తర్వాత అతి జాతీయవాదులు వీధుల్లోకి వచ్చి విదేశీయుల్లా కనిపించినవాళ్ళ వెంటపడ్డారు. ఆ తర్వాత సెప్టెంబరు 3న వాళ్ళకి వ్యతిరేకంగా అక్కడే జరిగిన కచేరీకి దాదాపు 65 వేల మంది వచ్చి "మేమే ఎక్కువమందిమి" అన్నారు. రెండూ ఆ ఊరే. నా మట్టుకు నాకు ట్రాములో ఒకటి రెండు పాడు మాటలు తగిలాయి, చెయ్యి ఎవరూ చేసుకోలేదు. రాత్రిళ్ళు ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక సెంటర్లో ఒంటరిగా తిరగొద్దని తమ్ముడికి చెప్పండి.

రైలు గోడు చెబుతానన్నాను కదా. లైప్‌జిగ్ నుంచి గంట ప్రయాణం, కరెంటు లైను లేక మా రోజుల్లో డీజిల్ బండి, కొంత దూరం ఒకే పట్టా. ఎదురు బండి లేటైతే మనమూ లేటే. రైలింజన్లు చేసి లోకానికి పంపిన ఊరికి ఈ గతి. నేను ఉన్న రోజుల్లో చలికాలం రాత్రి బండి రద్దైందని లైప్‌జిగ్ స్టేషన్లో కూర్చోబెట్టారు, మైకులో క్షమాపణ చెప్పినవాడు ఆవలించాడు కూడా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి వచ్చేట్టయితే లైప్‌జిగ్‌లో మార్పుకి కనీసం గంట వ్యవధి పెట్టుకుని టికెట్ తీయమనండి.

పంపాలా వద్దా? కోర్సు బాగుంటే పంపండి. ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్ కోర్సులో మనవాళ్ళు ఎలాగూ ఉంటారు, తెలుగు మాట్లాడేవాడు దొరకడేమోనన్న బెంగ అక్కర్లేదు. అదే ప్రమాదం కూడా. మనవాళ్ళతోనే తిని, మనవాళ్ళతోనే తిరిగి, రెండేళ్ళయ్యాక "ఈ ఊళ్ళో ఉద్యోగాల్లేవు" అని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఉద్యోగాలున్నాయి, ఫోక్స్‌వాగన్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, చిన్న చిన్న మెషీన్ కంపెనీలు వీధికొకటి ఉన్నాయి. ఆ చిన్న కంపెనీల్లో ఇంటర్వ్యూ జర్మన్‌లోనే చేస్తారు, అదీ శాక్సన్ యాసలో. విమానం ఎక్కేలోపు కనీసం జర్మన్ భాషలో బీ1 (మూడో స్థాయి) పూర్తి చేయమనండి, ఏ1 (మొదటి స్థాయి) సర్టిఫికెట్‌తో సరిపోతుందని చెప్పే కన్సల్టెన్సీ వాణ్ణి నమ్మొద్దు.