టెక్ సందేహాలు: స్టాప్‌లాస్ పెట్టినా డబ్బులెలా పోయాయి?

ఏ కాయిన్ కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని అడిగిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను. ఆ జవాబు నా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్లను మీరూ నమ్మకండి. కానీ డబ్బు పోయాక రాసిన ఉత్తరాలు వరసగా చదువుతుంటే, అందులో మార్కెట్ చేసిన నష్టం కొంతేనని తెలుస్తోంది. మిగతాదంతా ఫోన్లో ఏం నొక్కుతున్నారో చూసుకోకపోవడం వల్ల వచ్చిందే. అది నా పరిధిలోకి వస్తుంది కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం క్రిప్టో ట్రేడింగ్‌కే.

ప్రశ్న: సార్, ఫ్యూచర్స్‌లో స్టాప్‌లాస్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే మొత్తం లిక్విడేట్ అయిపోయింది. ఆర్డర్ హిస్టరీలో స్టాప్‌లాస్ 'ట్రిగ్గర్ అయింది' అనే ఉంది, అమ్ముడు మాత్రం కాలేదు. యాప్ మోసం చేసిందా? (ఓ పాఠకుడు, తణుకు)

మోసం కాదు. ఫ్యూచర్స్ అంటే కాయిన్ చేతికి రాకుండా దాని ధర మీద చేసుకునే ఒప్పందం. స్టాప్‌లాస్ అంటే ధర ఫలానా చోటికి పడగానే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్. నష్టం మీరు పెట్టిన డబ్బును తినేసే దశకు రాగానే ఎక్స్చేంజీయే మీ పొజిషన్‌ను, అంటే నడుస్తున్న ట్రేడ్‌ను, బలవంతంగా మూసేస్తే అది లిక్విడేషన్. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది స్టాప్-లిమిట్ ఆర్డర్. 100 దగ్గర ట్రిగ్గర్, 99 లిమిట్ అనుకోండి. ధర 100ను తాకగానే '99కి తక్కువ కాకుండా అమ్ము' అని ఆర్డర్ వెళ్తుంది. ధర మెల్లగా దిగితే బాగానే పనిచేస్తుంది. ఒక్క దూకులో 95కి పడిపోతే 99 పెట్టి కొనేవాడెవడూ ఉండడు, మీ ఆర్డర్ అక్కడే వేలాడుతుంది. అదే స్టాప్-మార్కెట్ అయితే 95కో 94కో అమ్మేసి మిమ్మల్ని బయట పడేస్తుంది. అనుకున్నదానికన్నా కొంత ఎక్కువ పోతుంది, అకౌంట్ మాత్రం మిగులుతుంది.

2025 అక్టోబరు 11 తెల్లవారుజామున, మన టైమ్ ప్రకారం, సరిగ్గా ఇదే జరిగింది. చైనా సరుకుల మీద అదనంగా 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించగానే మార్కెట్ కుప్పకూలి, ఒక్కరోజులో దాదాపు 1,900 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. చిన్న కాయిన్లు కొన్ని నిమిషాల్లోనే సగానికి పైగా పడి మళ్లీ లేచాయి. ఆ సమయానికి మన ఊళ్లన్నీ నిద్రలో ఉన్నాయి.

అయినా మీ అసలు సమస్య స్టాప్‌లాస్ కాదు. 1 లక్ష పెట్టి 20ఎక్స్ లెవరేజ్ (పెట్టినదానికి 20 రెట్లు ట్రేడ్ చేసే వీలు) తీసుకున్నారు. అంటే పొజిషన్ 20 లక్షలు. ధర 1 శాతం కదిలితే 20,000 పోతాయి. 5 శాతం కదిలేలోపే, మెయింటెనెన్స్ మార్జిన్ (పొజిషన్ నిలవాలంటే ఉండాల్సిన కనీస మొత్తం) వల్ల ఇంకాస్త ముందే, ఎక్స్చేంజీ మీ పొజిషన్ మూసేస్తుంది. ఇంకొకటి కూడా మీరు చూసినట్టు లేదు. ఫీజు మీ లక్ష మీద కాదు, 20 లక్షల మీద పడుతుంది. వందకు 5 పైసలే అనుకున్నా కొన్నప్పుడు 1,000, అమ్మినప్పుడు 1,000. ధర కదలకపోయినా ఒక్క ట్రేడ్‌కు మీ క్యాపిటల్‌లో 2 శాతం హరీ.

లెక్క వెనక నుంచి వేయండి. ఈ ట్రేడ్ తప్పితే ఎంత పోయినా పర్లేదు? లక్షలో 1 శాతం, అంటే 1,000 అనుకుందాం. స్టాప్‌లాస్ 4 శాతం కింద పెట్టాలనుకుంటే 1,000ను 4 శాతంతో భాగించండి, 25,000 వస్తుంది. మీరు కొనాల్సింది అంతే. దానికి లెవరేజ్ అవసరమే లేదు. 25,000తో ఏమొస్తుంది సార్ అంటారని తెలుసు.

ప్రశ్న: ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం. చేతికొచ్చింది సున్నా. మా ఆడిటర్ ట్యాక్స్ కట్టమంటున్నారు. కరెక్టేనా? (ఓ పాఠకురాలు, నెల్లూరు)

కరెక్టే. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్ ఉన్నాయి. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేయడం కుదరదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడమూ కుదరదు. మీరు కట్టాల్సింది 31,200. అమ్మినప్పుడల్లా కోసే 1 శాతం టీడీఎస్‌ను రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోండి. రోజుకు పది ట్రేడ్లు చేసేవాళ్లు రిస్క్ లెక్కలో ఈ పన్నును ఎందుకు కలపరో నాకు అర్థం కాదు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒక గ్రూప్ వాళ్లు ట్రేడింగ్ బాట్ ఇస్తామంటున్నారు. మనలా ఎమోషన్ లేకుండా, పూర్తి డిసిప్లిన్‌తో అదే ట్రేడ్ చేస్తుందట. ఎక్స్చేంజీలో ఏపీఐ కీ తీసి ఇస్తే చాలన్నారు. విత్‌డ్రా పర్మిషన్ ఇవ్వను కాబట్టి భయం లేదు కదా? (ఎంబీఏ విద్యార్థి, కరీంనగర్)

ఉంది. అన్ని ఉత్తరాల్లోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీదే, ఎందుకంటే మీరు జాగ్రత్తగా ఉన్నాననుకుంటున్నారు.

ఏపీఐ కీ అంటే మీ అకౌంట్‌ను వేరే ప్రోగ్రామ్ నడిపేందుకు ఇచ్చే తాళంచెవి. విత్‌డ్రా ఆపేసినా, ట్రేడ్ పర్మిషన్ ఒక్కటి చాలు మీ అకౌంట్ ఊడ్చేయడానికి. దొంగ ముందుగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న కాయిన్ కొని పెట్టుకుంటాడు. తర్వాత మీ కీతో, మీలాంటి వందల మంది కీలతో, ఉన్న బిట్‌కాయిన్ అమ్మించి అదే కాయిన్‌ను ఏ ధరకైనా కొనిపిస్తాడు. ధర అమాంతం లేస్తుంది. ఆ ధరకు మీకు అమ్మేది వాడే. రికార్డుల ప్రకారం మీ అకౌంట్ నుంచి రూపాయి కూడా బయటికి పోలేదు. 2018 మార్చిలో ప్రపంచంలోని పెద్ద ఎక్స్చేంజీల్లో ఒకదాంట్లో అచ్చం ఇలాగే చేశారు. నకిలీ సైట్‌తో జనం లాగిన్‌లు పట్టేసి, వాళ్ల పేరు మీద ఏపీఐ కీలు సృష్టించుకుని, వారాల తరబడి కదలకుండా కూర్చుని, ఒకే రాత్రి అందరి చేతా వయాకాయిన్ అనే చిన్న కాయిన్ కొనిపించారు. ఎక్స్చేంజీ విత్‌డ్రాలు వెంటనే ఆపేయబట్టి దొంగల పాచిక పారలేదు. ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

అది నకిలీ సైట్ కథ, మా బాట్ అసలైనదే అంటారేమో. 2022 డిసెంబరులో బాగా పేరున్న ఒక ట్రేడింగ్ బాట్ సంస్థ దగ్గర్నుంచే కస్టమర్ల ఏపీఐ కీలు లీకయ్యాయి. డబ్బు పోయిందని జనం మొత్తుకుంటుంటే, మీరే ఎక్కడో ఫిషింగ్‌లో పడి ఉంటారని ఆ సంస్థ తొలుత వాళ్లనే తప్పుపట్టింది. కీల జాబితా ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాక ఒప్పుకుంది. ఆఫీసూ పేరూ ఉన్న కంపెనీ సంగతే ఇలా ఉంటే, ప్రొఫైల్ ఫొటోలో కారు తప్ప ఇంకేమీ లేని మీ గ్రూప్ అడ్మిన్‌ను ఏం చూసి నమ్ముతారు?

ఇక డిసిప్లిన్ విషయం. ఇలాంటి గ్రూపుల్లో తిరిగే బాట్‌లలో చాలావాటి కిటుకు ఒక్కటే. ధర పడినప్పుడల్లా రెట్టింపు కొనడం. 1,000తో మొదలైతే 2,000, 4,000, 8,000, 16,000, 32,000. ఆరోసారికి 63,000 దిగి ఉంటాయి. ధర కాస్త లేస్తే చిన్న లాభంతో బయటపడుతుంది కాబట్టి నెలల తరబడి గ్రూప్‌లో ఆకుపచ్చ స్క్రీన్‌షాట్లే కనిపిస్తాయి. లేవని రోజున అకౌంట్ మొత్తం ఒకేసారి పోతుంది. ఆ రోజు స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు.

మీరు సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌కే కీ ఇవ్వాలనుకుంటే, అది నడిచే కంప్యూటర్ ఐపీ అడ్రస్‌కు మాత్రమే కీని కట్టేయండి. ట్రేడింగ్‌కు వేరే సబ్ అకౌంట్ తెరిచి, పోయినా పర్లేదనుకున్నంతే అందులో ఉంచండి. సీక్రెట్ కీని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, గ్యాలరీలో స్క్రీన్‌షాట్ దాచుకోవడం రెండూ వద్దు. గ్యాలరీ ఫొటోల్లోని అక్షరాలను చదివి సీడ్ ఫ్రేజ్‌లు (క్రిప్టో వ్యాలెట్‌ను తెరిచే రహస్య పదాలు) ఎత్తుకెళ్లే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్, 2025 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటి అధికారిక యాప్ స్టోర్లలోనూ దొరికింది. ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన పాత కీలు ఉంటే, ఈ పేజీ మూయకముందే వెళ్లి డిలీట్ చేయండి.

ఎస్సెమ్మెస్ ఓటీపీ కూడా తీసేసి, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కు మారండి. వీలైతే ఆ ఆథెంటికేటర్‌ను ట్రేడింగ్ యాప్ లేని పాత ఫోన్‌లో పెట్టండి. సిమ్ మన పేరునే ఉంది కదా అని ధీమా వద్దు. 2024 జనవరి 9న సాక్షాత్తు అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఎక్స్ ఖాతానే సిమ్ స్వాప్‌తో (నంబరును తమ సిమ్‌కు మార్చుకుని) పట్టేసి, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (షేర్లలా కొనే ఫండ్లకు) అనుమతి వచ్చేసిందని అబద్ధపు పోస్టు పెట్టారు. ధర ఎగిరింది, అబద్ధమని తేలగానే పడింది. ఆ కాసేపట్లో ఆ పోస్టు చూసి కొన్నవాళ్ల డిసిప్లిన్ ఏమైనట్టు?

ప్రశ్న: రోజుకు 2 శాతం నష్టం వస్తే ఆపేయాలని రూల్ పెట్టుకున్నాను. రాత్రి పదకొండు దాటాక చెయ్యి ఆగడం లేదు, యావరేజ్ చేస్తూ (పడిన ధరకు ఇంకా కొంటూ) పోతున్నాను. దీనికేమైనా యాప్ ఉందా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్)

ఇంకో యాప్ ఎందుకు, ఉన్న యాప్‌లోనే ఆ తాళం ఉండాలి. ఒకసారి మీ ఫ్యూచర్స్ స్క్రీన్ తెరిచి చూడండి. లెవరేజ్ 1ఎక్స్ దగ్గర మొదలవ్వాలి కదా, చాలా యాప్‌లలో మీరు ముట్టుకోకుండానే 10 దగ్గరో 20 దగ్గరో కూర్చుని ఉంటుంది. కింద 25, 50, 75, 100 శాతం బటన్లు. ఒక్క వేలితో ఉన్నదంతా పెట్టేయొచ్చు. 1 శాతం బటన్ ఎక్కడా కనిపించదు. ధర 9 శాతం పెరిగితే '180 శాతం లాభం' అని పెద్ద అక్షరాలతో కార్డు తయారుచేసి, స్టేటస్ పెట్టుకోమని అదే అడుగుతుంది. నష్టం వచ్చినప్పుడు ఆ ఉత్సాహం ఉండదు. 'ఇక చాలు, రేపటిదాకా నన్ను రానివ్వకు' అని చెప్పే కూలింగ్ ఆఫ్ ఆప్షన్ కొన్నింటిలో ఉంది గానీ, సెట్టింగుల్లో నాలుగు మెనూల అడుగున పడేశారు. ఇంత తెలివిగా డిజైన్ చేసినవాళ్లకు అది పైకి తేవడం చేతకాలేదంటే నమ్మను. ట్రేడ్ చేసిన ప్రతిసారీ వాళ్లకు ఫీజు వస్తుంది.

షేర్ మార్కెట్‌లోనూ జనం పోగొట్టుకుంటున్నారు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో మూడేళ్లపాటు 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లకు నష్టమే వచ్చిందని 2024 సెప్టెంబరులో సెబీయే తేల్చింది. కానీ అక్కడ ఆ ముక్కను కస్టమర్‌కు చూపించాల్సిన బాధ్యత బ్రోకర్ మీద ఉంది, మధ్యాహ్నం మూడున్నరకు గంట కొట్టి ఇంటికి పంపేస్తారు. క్రిప్టోకు గంటా లేదు, ఆదివారమూ లేదు, సెబీ కూడా లేదు.

మీ ప్రశ్న మరిచిపోలేదు. కూలింగ్ ఆఫ్ ఉంటే పొద్దునే, బుర్ర పనిచేస్తున్నప్పుడే ఆన్ చేసి పెట్టండి. లేకపోతే ట్రేడింగ్ డబ్బును యూపీఐ లేని వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చండి, రాత్రిపూట కొత్తగా డబ్బు వేయడం అంత తేలిక కాదు. యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేయండి. స్టాప్‌లాస్ ఎక్స్చేంజీ సర్వర్‌లో ఉంటుంది, మీరు మేలుకుని కాపలా కాయక్కర్లేదు. కానీ ప్రైస్ అలర్ట్‌నే స్టాప్‌లాస్ అనుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అలర్ట్ మోగుతుందంతే, ఏమీ అమ్మదు.

ప్రశ్న: పీటూపీలో (నేరుగా ఇంకో వ్యక్తికి) యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన కాయిన్) అమ్మాను. వారం తర్వాత నా శాలరీ అకౌంట్ ఫ్రీజ్ అయింది. నేను ఏ తప్పూ చేయలేదు. (ఓ పాఠకుడు, హనుమకొండ)

మీకు వచ్చిన డబ్బు ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్నది అయి ఉంటుంది. బాధితుడు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు వెళ్లిన ఖాతాలన్నింటినీ వరసగా ఆపుతారు. బ్యాంకును లిఖితపూర్వకంగా అడిగి ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనో తెలుసుకోండి. ఆర్డర్ ఐడీ, చాట్, స్టేట్‌మెంట్ దర్యాప్తు అధికారికి పంపండి. కొన్నిసార్లు కోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇకమీదట కేవైసీలో ఉన్న పేరు, డబ్బు పంపినవాడి పేరు ఒకటి కాకపోతే కాయిన్ రిలీజ్ చేయొద్దు. జీతం పడే ఖాతాను ఈ గొడవలోకి అసలే తేవద్దు.

ఫ్రీజ్ తీయిస్తామని, పోయిన క్రిప్టో తిరిగి రప్పిస్తామని మెసేజ్ చేసే 'రికవరీ ఏజెంట్లకు' పైసా ఇవ్వకండి, స్క్రీన్ షేర్ చేయకండి. అలాంటి నంబర్ మీకూ వచ్చి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి దాని మీద కూడా ఫిర్యాదు ఇవ్వండి.