ఐదేళ్ళ పాప, కుక్క, అత్తగారు... వీళ్ళందరితో వసంతంలో విశాఖ చుట్టుపక్కల కొండలెక్కడం అయ్యే పనేనా?

అవుతుందండీ. మేం నాలుగేళ్ళుగా వెళ్తున్నాం. మీ ప్రశ్న చదివితే అప్పట్లో నేనే రాసుకున్నట్టుంది. ఐదేళ్ళ పాప, ఏడాదిన్నర కుక్క, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, వారానికి ఒక్క సెలవు, ఎండలు ముదరకముందే ఎక్కడో ఒక కొండెక్కి రావాలని ఆశ. మా ఇంట్లో వీళ్ళు కాక ఇంకో అబ్బాయి, ఒక పిల్లి, ఆదివారం పొద్దున్నే లేపితే మధ్యాహ్నం దాకా ముఖం ముడుచుకునే మా ఆయన కూడా ఉన్నారు. కుక్క పేరు బూరె. వీధికుక్కే. పిల్లప్పుడు గుండ్రంగా ఉండేది, "ఎక్కణ్ణుంచి తెచ్చార్రా ఈ బూరెని" అని అత్తగారు విసుక్కుంటే అదే పేరైపోయింది.

ముందు కాలం సంగతి. పంచాంగంలో వసంతమంటే చైత్ర వైశాఖాలే గానీ వైశాఖంలో మన కొండలెక్కితే దొరికేది వడదెబ్బే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అక్కడి నుంచి ఉగాది దాటాక ఓ పది రోజుల వరకు, అంతే మనకున్న వసంతం. గట్టిగా ఆరు ఆదివారాలు. అందులో ఒకటి ఎవరిదో పెళ్ళికి పోతుంది, ఒకటి పరీక్షలకి పోతుంది. అందుకే మాఘమాసంలోనే క్యాలెండర్ మీద గీతలు పెట్టేస్తాను.

ఆ కొద్ది రోజుల్లో మాత్రం కొండలు చూడాల్సిందే. ఆకు రాలిపోయిన బూరుగు చెట్టు నిండా ఎర్రటి పూలు, వాటిమీద గోరింకల గోల. మోదుగ, కొండగోగు కూడా ఒంటిమీద ఆకు లేకుండానే పూస్తాయి, అందుకే దూరం నుంచి చెట్టు అంటుకున్నట్టు కనపడుతుంది. జీడిమామిడి పూతకి ఒక వాసన ఉంటుంది, తియ్యగా, కాస్త మత్తుగా, చెప్పడం కష్టం. పాలపిట్టలు జత కట్టే కాలం ఇదే. మగది పైకెగిరి కర్ణకఠోరంగా అరుస్తూ పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. తీగ మీద బుద్ధిగా కూర్చునే పిట్ట ఇదేనా అని మా పాప నోరు తెరుచుకుని చూసింది మొదటిసారి.

ఎక్కడికి వెళ్ళాలన్నారు. కంబాలకొండ అందరూ చెప్తారు, దగ్గర, అడవి బాగుంటుంది, పిల్లలకి దుప్పులు కనపడొచ్చు. కానీ అది అభయారణ్యం, కుక్కతో వెళ్ళకండి. మేం ఆ సంగతి ఆలోచించకుండా బయల్దేరాం, గేటు దగ్గరే ఆపేశారు. పిల్లలు లోపలికి, మా ఆయన, బూరె కారులోకి. రెండు గంటలు కారులో ఏం చేశారంటే "ఇద్దరం పడుకున్నాం" అన్నాడు, ఆ రోజు అందరికంటే ఆయనే సంతోషంగా ఉన్నాడు. నాకు మొదట కోపమొచ్చింది గానీ, ఊరి కుక్కల నుంచి అడవి జంతువులకి జబ్బులు అంటుకుంటాయని తర్వాత తెలిశాక ఆపడమే సరైనదనిపించింది.

సింహాచలం కొండ అత్తగారి వాటా. అడివివరం వైపు నుంచి పిల్లలూ నేనూ మెట్లెక్కుతాం, దాదాపు వెయ్యి మెట్లు, ఆవిడ బస్సులో పైకొచ్చి మాకోసం ఎదురుచూస్తారు. అక్కడికి కూడా బూరెని తీసుకెళ్ళం. గుడి సంగతి అటుంచి, కోతులున్నాయి. చేతిలో సంచీ కనపడితే చాలు, మనిషినే వదలవు, ఇక కుక్కని చూస్తే చెప్పక్కర్లేదు.

కుక్కతో వెళ్ళేది పేరు లేని కొండలకి. ఆనందపురం దాటి పల్లెల వైపు వెళ్తే అలాంటివి ఎన్నో కనపడతాయి, కింద జీడితోట, పైన ఒక బండ, మధ్యలో మేకలు నడిచిన దారి. తోటలో ఎవరైనా ఉంటే అడిగి వెళ్ళండి. ఎవరూ కాదనలేదు మమ్మల్ని, ఒకాయన జీడిపళ్ళు కూడా ఇచ్చాడు, ఆ రసం మరక పాప గౌను మీద ఇప్పటికీ ఉంది. బూరెకి తాడు మాత్రం విప్పం. మేకల మంద ఎదురైతే మన కుక్క ఎంత మంచిదో మేకలకి తెలియదు కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రెండో ఏడు మార్చి నెలాఖరున ఒక ఆదివారం, చుట్టాలొచ్చి ఉన్నారు, ఉప్మా అంటూ కాఫీ అంటూ బయల్దేరేసరికి ఏడున్నర. తొమ్మిదింటికి బండ మీదున్నాం. మాకు చెమట పడుతోంది తప్ప ఇబ్బందేం లేదు. బూరె ఉన్నట్టుండి పడుకుండిపోయింది. నాలుక బయటికి వేలాడుతోంది, చొంగ చిక్కగా తీగలు సాగుతోంది, చిగుళ్ళు ఎర్రగా అయిపోయాయి, లేపితే కాళ్ళు తూలుతున్నాయి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి బయటికి పంపాలి, మన సముద్రపు గాలి తేమకి ఆ రొప్పు కూడా సరిగ్గా పనిచెయ్యదు. పద్దెనిమిది కిలోల కుక్కని మా ఆయన భుజానేసుకుని దిగాడు, నీడలో పడుకోబెట్టి పొట్ట మీద, పాదాల మీద తాగే నీళ్ళన్నీ పోశాం, మా అబ్బాయి టవల్‌తో విసిరాడు. అక్కణ్ణుంచి నేరుగా డాక్టర్ దగ్గరికి. బతికింది. మామూలు నీళ్ళు పొయ్యడం మంచిదైంది, ఐసు నీళ్ళు వద్దు అన్నారాయన. ఆ రోజు పిల్లలు అన్నం తినలేదు, నేనూ తినలేదు.

అప్పటి నుంచి రూల్ ఒక్కటే. మార్చి మధ్యలో విశాఖలో ఆరింటికే సూర్యుడొచ్చేస్తాడు కాబట్టి ఐదింటికి ఇల్లు కదలాలి, కొండ సగంలో ఉన్నా సరే ఏడున్నరకి వెనక్కి తిరగాలి, ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండాలి. పైదాకా వెళ్ళిన రోజులు తక్కువే. దారిలో అనుమానమొస్తే అరచేతి వెనక వైపు బండకి ఆనిస్తాను, ఐదారు సెకన్లు ఉంచలేకపోతే బూరె పాదాలకీ అది పెనమే. నీళ్ళు మనుషులకెంత పట్టుకెళ్తామో దానికీ అంత. అరటిపండు ముక్కలు పెట్టొచ్చు, మీ పాప చేతిలో కిస్‌మిస్ పొట్లం ఉంటే మాత్రం కుక్కకి దూరంగా ఉంచండి, అవి కుక్కలకి విషం. మామిడి టెంక కూడా మింగనివ్వకండి, పేగుల్లో అడ్డుపడుతుంది.

ఎనిమిదిన్నరకి వచ్చేస్తే రోజంతా ఏం చేస్తారంటారా, మా ఇంట్లో అసలు ఆదివారం మొదలయ్యేదే అప్పుడు. వరండాలో చాప పరిచి బూరెని పడుకోబెడతాం. ఒంటినిండా ఉత్తరేణి గింజలు, వేళ్ళ మధ్య పల్లేరు ముళ్ళు, ఇక గోమార్లు, మీరు పిడుదులంటారేమో. చెవి లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో దాక్కుంటాయి. మొదటి ఏడు నేను పైపైన చూసి వదిలేశాను. రెండు వారాలకి బూరెకి జ్వరం, తిండి ముట్టలేదు, రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, నెల రోజులు మందులు. ఆ తర్వాత ఈ పని ఎవరు తీసుకున్నారో చెప్తే నమ్మరు. అత్తగారు. కుక్కని గడప దాటనివ్వనన్న మనిషి. నేను పట్టకారుతో తంటాలు పడుతుంటే చూడలేక, "ముగ్గురాడపిల్లల తలల్లో పేలు చూసిన చెయ్యి ఇది, ఇలా తే" అని లాక్కున్నారు. చర్మానికి ఆనించి పట్టుకోవడం, మెలి తిప్పకుండా తిన్నగా లాగడం, సబ్బునీళ్ళ గ్లాసులో వెయ్యడం, పాప గట్టిగా లెక్కపెట్టడం. కిరోసిన్ రాద్దామని పక్కింటావిడ సలహా ఇస్తే అత్తగారే కసిరారు. బూరె ఆవిడ చెయ్యి పడగానే నాలుగు కాళ్ళూ చాపేస్తుంది. పిల్లి కిటికీలోంచి ఇదంతా అసహ్యంగా చూసి, అందరూ లోపలికెళ్ళాక బూరె తాడు మీద వచ్చి పడుకుంటుంది. కొండ వాసన కోసమో, కక్షతోనో, నాకైతే కక్షే అనిపిస్తుంది.

ఉగాది ముందు ఆదివారం కొండ కింద వేపపువ్వు తెస్తాం. మన వీధి చెట్టుది దుమ్ము కొట్టుకుని ఉంటుందని అత్తగారి గట్టి నమ్మకం. ఉత్తరాంధ్రలో ఉగాది ముందురోజు వచ్చే కొత్త అమావాస్య పెద్ద పండగ కదా, దాని హడావిడిలో ఆ పువ్వు చాటలో ఆరుతూ ఉంటుంది, బూరె దాన్ని వాసన చూసి తుమ్ముతుంది, ఏటా.

ఒక్కసారి అరకు వైపు కూడా వెళ్ళాం, కాఫీ పూసే రోజుల్లో. మార్చి ఏప్రిల్‌లలో ఒక వాన పడ్డాక తోటలన్నీ తెల్లగా పూస్తాయి, మల్లెపూల వాసన, నాలుగైదు రోజులకి అయిపోతుంది. ఘాట్ రోడ్డులో బూరె మూడుసార్లు కక్కింది, రెండోది మా ఆయన బ్యాగులో. వెళ్ళేముందు కుక్కకి ఏమీ పెట్టకండి.

మీ అత్తగారి గురించి అడిగారు కదా. బలవంతంగా ఎక్కించకండి. కింద చెట్టు నీడలో కుర్చీ వేసి, ఫ్లాస్కులో కాఫీ ఇచ్చి, సగం దూరం నడిచాక అలసిపోయిన పాపని తీసుకొచ్చి ఆవిడ దగ్గర వదలండి. మేం వెనక్కొచ్చేసరికి మా ఇద్దరికీ చెప్పని కబుర్లన్నీ వాళ్ళిద్దరి మధ్యా అయిపోయి ఉండేవి. పట్టకారు మాత్రం రెండు కొనండి, ఒకటి ఎప్పుడూ దొరకదు.